గతుకుల దారుల్లో తిరిగే బండికి సబ్‌వూఫర్ బాక్స్ సొంతంగా కట్టుకోవడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బండి ఫోర్ బై ఫోర్, పైన గుడ్డ టాప్. సగం రోజులు దాన్ని కూడా తీసేసి తిరుగుతారు. పది అంగుళాల సబ్‌వూఫర్ (బాస్ కోసం వాడే స్పీకర్) ఒకటి ఉంది. దాంతో వచ్చిన కాగితంలో ఎఫ్ఎస్ (స్పీకర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 34 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె) 0.48, వీఏఎస్ (స్పీకర్ కదిలే భాగం ఎంత మెత్తగా ఉందో అంత మెత్తగా ఉండే గాలి పరిమాణం) 30 లీటర్లు, 300 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), 4 ఓమ్‌లు అని ఉంది. రెడీమేడ్‌గా కొన్న పోర్టెడ్ (గాలి ఆడే రంధ్రం ఉన్న) బాక్స్ ఆరు నెలలకే అతుకుల దగ్గర విడిపోయింది. ఇప్పుడు మీరే కట్టాలనుకుంటున్నారు. ఏ చెక్క వాడాలి, సైజు ఎంత, సీల్డా (అన్ని వైపులా మూసినదా) పోర్టెడా, బండిలో ఎలా బిగించాలి అన్నవి మీ ప్రశ్నలు.

కార్ల కోసం గీసిన బాక్సుల కొలతలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. వాటిని తెచ్చి ఇలాంటి బండిలో పెడితే చాలావరకు నిలవవు. కారు డిక్కీలో బాక్సు ఒకచోట పొడిగా, కదలకుండా కూర్చుంటుంది. మన బండిలో దానికి నీళ్లు తగులుతాయి, దుమ్ము పడుతుంది, గంటల తరబడి కుదుపు ఆగదు. అందుకే నేను బాక్సు కట్టేటప్పుడు ముందు ఈ మూడింటినీ తట్టుకుంటుందా అని చూసి, ఆ తర్వాతే శబ్దం సంగతి ఆలోచిస్తాను. మీ పాత బాక్సు విడిపోయింది కూడా శబ్దానికి కాదు, కుదుపుకీ తేమకీ.

సీల్డా పోర్టెడా అన్నది ముందు తేల్చుకుందాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడుతుంది.

అద్దాలన్నీ మూసిన కారులో ఒక సౌకర్యం ఉంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారు లోపలి పొడవు అందులో మూడో వంతు కూడా ఉండదు. అంత పొడవైన తరంగం ఆ చిన్న చోట అలలా పారదు. లోపలి గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుంటూ వదులవుతూ ఉంటుంది. దానివల్ల బాస్ కిందికి వెళ్లేకొద్దీ బలం పెరుగుతుంది. లెక్క ప్రకారం ఒక్కో ఆక్టేవ్‌కి (అంటే ఫ్రీక్వెన్సీ సగమయ్యే ప్రతిసారీ) 12 డెసిబెల్ వరకు పెరగాలి, నిజం బండ్లలో రేకులు, అద్దాలు వణికి కొంత తగ్గుతుంది. దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. సీల్డ్ బాక్సులో బాస్ కిందికి వెళ్లేకొద్దీ ఆక్టేవ్‌కి 12 డెసిబెల్ చొప్పున పడిపోతుంది. ఒకటి పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది, రెండూ కలిసి దాదాపు సమానమవుతాయి. కారులో చిన్న సీల్డ్ బాక్సు కూడా అంత లోతుగా వినిపించడానికి కారణం ఇదే.

మీరు టాప్ తీసిన క్షణం ఆ గెయిన్ పోతుంది. గుడ్డ టాప్ వేసినా చాలావరకు పోతుంది, ఎందుకంటే గుడ్డ ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపలేదు. అందుకే చాలామంది "సీల్డ్ సరిపోవట్లేదు" అని పోర్టెడ్ వైపు వెళతారు. ఆ ఆలోచన తప్పు కాదు, కానీ మీ వాడకానికి నేను పోర్టెడ్ చెప్పను.

పోర్టెడ్ బాక్సును ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేస్తారు. ఆ ఫ్రీక్వెన్సీ పైన కోన్‌ని (స్పీకర్ ముందు కదిలే గిన్నెలాంటి భాగాన్ని) లోపలి గాలి పట్టి ఉంచుతుంది. దాని కింద ఆ పట్టు వదిలేస్తుంది, కోన్ విచ్చలవిడిగా ఊగుతుంది. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టకపోతే కాయిల్ (కోన్ వెనక మాగ్నెట్ సందులో కదిలే తీగచుట్ట) వెళ్లి వెనక ప్లేటుకు కొట్టుకుంటుంది. అసలే బండి గుంతలో పడినప్పుడు కోన్ తనంతట తానే అదురుతూ ఉంటుంది, దానికి ఇది తోడవుతుంది. ఇక పోర్ట్ అంటే బాక్సుకి తెరిచి పెట్టిన నోరు. దుమ్ము, ఎండుటాకులు, బురద చినుకులు అందులోంచి నేరుగా కాయిల్ దాకా వెళతాయి. కాయిల్ కదిలే సందు మిల్లీమీటరు కన్నా సన్నం. ఒక్క ఇసుక రేణువు చాలు, గరగర మొదలవుతుంది, ఆ తర్వాత కాయిల్ చుట్ట ఊడుతుంది. పైగా పది అంగుళాల స్పీకర్‌కి పోర్టెడ్ బాక్స్ సీల్డ్ దానికన్నా సుమారు ఒకటిన్నర, రెండింతలు పెద్దదవుతుంది. మీ బండిలో అంత చోటు సామానుకే కావాలి.

ఇంకో విషయం కూడా చూడండి. టాప్ తీసి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు గాలి హోరు, టైర్ల మోత ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి. 30 హెర్ట్జ్ దగ్గర మీరు ఎంత కష్టపడి తెచ్చినా ఆ హోరులో కలిసిపోతుంది. మీకు నిజంగా వినపడేది, వీపుకు తగిలేది 45 నుంచి 80 మధ్య. ఆ మేరకు సీల్డ్ బాక్స్ చక్కగా ఇస్తుంది. తర్వాత ఇంకా కావాలనిపిస్తే ఇదే స్పీకర్ ఇంకొకటి, ఇదే బాక్స్ ఇంకొకటి చేర్చండి. రెండోదానికి కూడా అంతే పవర్ ఇస్తే 6 డెసిబెల్ పెరుగుతుంది. తెరిచిన బండిలో బాస్ పెంచుకోవడానికి నేను నమ్మే దారి అదే.

సీల్డ్ బాక్సు లోపలి గాలి ఒక స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. 1954లో ఎడ్గర్ విల్చూర్ ఏఆర్-1 స్పీకర్‌తో చూపించింది ఇదే: మెత్తటి సస్పెన్షన్ ఉన్న కోన్‌ని చిన్న పెట్టెలో మూసి, దాన్ని వెనక్కి లాగే పనిని లోపలి గాలికే అప్పగించాడు. మన బండికి ఈ గాలి స్ప్రింగు రెండు రకాలుగా మేలు. బాస్ అదుపులో ఉంటుంది, గుంతల్లో కోన్ మితిమీరి కదలకుండానూ ఉంటుంది.

ఇక సైజు. మీ కాగితంలోని ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్‌లను థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల్లో వేసిన లెక్కల వల్లే ఈ రోజు మనం కాగితం మీదే బాక్సు సైజు తేల్చుకోగలుగుతున్నాం. బాక్సులో బిగించాక స్పీకర్‌కి వచ్చే మొత్తం క్యూని క్యూటీసీ అంటారు. అది 0.707 ఉంటే బాస్ ఎక్కడా ఉబ్బకుండా సాఫీగా ఉంటుంది. లెక్క ఇలా వేయండి. 0.707ని మీ క్యూటీఎస్ 0.48తో భాగిస్తే 1.473. దాన్ని దానితోనే గుణిస్తే 2.17. అందులోంచి ఒకటి తీసేస్తే 1.17. వీఏఎస్ 30ని దాంతో భాగిస్తే 25.6 లీటర్లు. అంతే. ఈ బాక్సులో స్పీకర్ రెజొనెన్స్ (సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 34ని 1.473తో గుణించినంత, అంటే 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

చోటు చాలక బాక్సు చిన్నదైతే ఏమవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. 18 లీటర్లకే కడితే క్యూటీసీ 0.78కి పెరుగుతుంది, రెజొనెన్స్ 55 దాటుతుంది. చెవికి అంత తేడా తెలియదు. 15 లీటర్లకు కడితే 0.83. అప్పుడు బాస్ కొంచెం దట్టంగా, లోతు తక్కువగా ఉంటుంది. అయినా వాడుకోవచ్చు. కాబట్టి ఒక లీటరు అటూ ఇటూ అయిందని చెక్క మళ్లీ కొనకండి. అంతకన్నా గాలి బయటికి పోకుండా చూడడం పది రెట్లు ముఖ్యం.

25.6 లీటర్లన్నది స్పీకర్ వెనక భాగం, లోపలి అడ్డపలక ఆక్రమించే చోటు తీసేశాక మిగలాల్సిన గాలి. పది అంగుళాల స్పీకర్ వెనక మాగ్నెట్, బాస్కెట్ కలిపి సుమారు లీటరున్నర, అడ్డపలక ఇంకో 0.8 లీటరు అనుకుందాం. అంటే లోపల మొత్తం 28 లీటర్లు కావాలి.

వెనక సీటు వాలుకు ఆనుకునేలా పై భాగం సన్నగా, కింది భాగం వెడల్పుగా ఉండే బాక్సు ఇలాంటి బండికి బాగా కుదురుతుంది. లోపలి కొలతలు వెడల్పు 50 సెంటీమీటర్లు, ఎత్తు 32, లోతు పైన 13, కింద 22 తీసుకోండి. లోతు సగటు 17.5. మూడూ గుణిస్తే 28,000 ఘన సెంటీమీటర్లు, సరిగ్గా 28 లీటర్లు. వాలు పలక పొడవు లోపలి వైపు 33.2 సెంటీమీటర్లు వస్తుంది, 32 అనుకుని కోస్తే చాలదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. స్పీకర్‌ని నిలువు పలక మీద మధ్యలో పెడితే వెనక 17 సెంటీమీటర్ల దాకా చోటు ఉంటుంది. మీ స్పీకర్ బిగింపు లోతు 14 దాటకూడదు. మాగ్నెట్ వెనక గాలి రంధ్రం ఉంటే దానికీ వాలు పలకకీ మధ్య కనీసం మూడు సెంటీమీటర్లు వదలాలి. లేకపోతే కాయిల్‌కి చల్లగాలి ఆడదు, ఉస్సుమనే చప్పుడు కూడా వస్తుంది.

చెక్క కోయకముందే ఇదే కొలతలతో అట్టపెట్టె ఒకటి చేసి బండిలో పెట్టండి. ఈ పని తప్పకుండా చేయమని బతిమాలుతున్నాను. బయటి కొలతలకు చేయండి, అంటే ప్రతి వైపూ 18 మిల్లీమీటర్లు కలిపి. సీటు వెనక్కి వాల్చండి, మడవండి, వెనక తలుపు తెరిచి మూయండి, జాకీ, స్పేర్ టైరు పనిముట్లు తీసి చూడండి. రెండు రోజులు ఆ అట్టతోనే తిరగండి. నాకు తెలిసిన మూడు బాక్సులు పూర్తిగా తయారయ్యాక సీటు కొక్కేనికి తగిలి పక్కన పడ్డాయి. అట్టయితే కత్తెరతో సరిచేసుకోవచ్చు.

చెక్క విషయంలో నా అనుభవం చెబుతాను. నేను మొదట కట్టింది 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో, అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలకతో. ఎండీఎఫ్ శబ్దానికి మంచిదే. బరువుగా, ఒకే సాంద్రతతో ఉంటుంది, లోపల గుల్లలు ఉండవు. నునుపుగా కోసుకోవచ్చు. నేను బయట రంగు కూడా వేశాను. ఒక వర్షాకాలం వాగు దాటుతుంటే నేల మీద నాలుగు వేళ్ల లోతు నీళ్లు చేరాయి. అరగంటలో తోడేశాం. పది రోజుల తర్వాత చూస్తే కింది పలక అంచు బిస్కట్టు పాలలో నానినట్టు ఉబ్బి ఉంది. స్క్రూలు వేలితో తిప్పితే వచ్చేశాయి. ఎండీఎఫ్ ఒకసారి నానితే ఎండినా మళ్లీ మామూలు స్థితికి రాదు, పీచు విడిపోతుంది. ఆ రోజు నుంచి ఇలాంటి బండికి ఎండీఎఫ్ ముట్టుకోలేదు.

18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై తీసుకోండి. అది దొరక్కపోతే మంచి బర్చ్ ప్లై. మెరైన్ ప్లైలో పొరలను అతికించే జిగురు నీళ్లకు విడిపోదు. కొనేటప్పుడు అంచు వైపు చూడండి. పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే వద్దు. ఆ గుల్ల దగ్గర గాలి కారుతుంది, పలక గలగలలాడుతుంది, స్క్రూ పట్టదు. ప్లై ఎండీఎఫ్ కన్నా కొంచెం తేలిక, స్క్రూని అంచులో కూడా బాగా పట్టుకుంటుంది. కుదుపు ఉన్న చోట ఈ రెండోదే ఎక్కువ విలువైనది.

కోత పని దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. వీలైతే పలకలను యంత్రం మీద కోయించుకోండి, అంచులు తొంభై డిగ్రీలకు వస్తాయి. స్పీకర్ రంధ్రం మీరే జిగ్‌సాతో కోసుకోవచ్చు. కాగితంలో ఇచ్చిన కోత వ్యాసమే వాడండి, స్పీకర్ బయటి అంచు గీసి దాని మీద కోయకండి.

అతుకుల దగ్గర మాత్రం తొందర వద్దు. నీళ్లకు తట్టుకునే చెక్క జిగురు రెండు అంచులకూ పూయాలి. ప్లై అంచు జిగురును పీల్చుకుంటుంది కాబట్టి మొదటి పూత ఇంకాక ఇంకో పూత పూసి అప్పుడు కలపండి. స్క్రూకి ముందు సన్నని రంధ్రం వేయాలి, లేకపోతే పొరలు చీలతాయి. స్క్రూ స్క్రూకీ పది పన్నెండు సెంటీమీటర్ల దూరం చాలు. బలమంతా జిగురుదే, అది గట్టిపడేదాకా పలకల్ని పట్టి ఉంచడానికే స్క్రూలు. క్లాంపులు బిగించినప్పుడు అతుకు పొడవునా సన్నగా జిగురు బయటికి రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ చాలలేదన్నమాట. లోపలి మూలలన్నిటికీ రెండు సెంటీమీటర్ల చదరపు కర్రముక్కలు జిగురుతో అతికించండి. మీ పాత బాక్సులో ఇవి ఉండి ఉండవు. చాలా రెడీమేడ్ బాక్సులు పిన్నులతో, సన్నటి జిగురు గీతతో నిలబెట్టినవే.

50 సెంటీమీటర్ల వెడల్పున్న పలకలు రెండూ ఆసరా లేకుండా వదిలేస్తే మధ్యలో డప్పులా కొట్టుకుంటాయి. ముందు పలక నుంచి వెనక పలకకు, స్పీకర్‌కి కొంచెం పక్కగా, మధ్యలో కిటికీలా కోసిన ఒక అడ్డపలక పెట్టండి. సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు జరపడం మంచిది. రెండు వైపులా ఒకే పరిమాణం మిగిలితే రెండు భాగాలూ ఒకే స్వరానికి వణుకుతాయి.

మూత వేసే ముందు లోపలి అతుకులన్నీ సీలెంట్‌తో వేలితో అద్ది నింపండి. ఇక్కడ ఒక హెచ్చరిక. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి. అది ఆరేటప్పుడు ఆమ్లం ఆవిరిగా వస్తుంది, మూసిన పెట్టెలో ఉండిపోయి కాయిల్ తీగలను, టెర్మినళ్లను తింటుంది. వాసన లేని న్యూట్రల్ రకం గానీ పాలీయురేథేన్ గానీ తీసుకోండి. ఏది వాడినా పూర్తిగా ఆరాకే స్పీకర్ బిగించండి.

బయటి పూతకు నేను కార్పెట్ వాడను. కారులో అందంగానే ఉంటుంది. ఇక్కడ బురద నీళ్లు పీల్చుకుని వారం రోజులు చెక్కకు తడిబట్ట చుట్టినట్టు ఉంచుతుంది. ముందు ఎపాక్సీ రెజిన్ రెండు పూతలు వేయండి, అంచులకు మూడు. అడుగు భాగాన్ని మర్చిపోకండి, నీళ్లు ముందు తగిలేది అక్కడే. లోపల కూడా ఒక పూత వేస్తే మంచిది. స్పీకర్ రంధ్రం కోసిన అంచు, స్క్రూ రంధ్రాలు కూడా తడపాలి. రెజిన్ ఆరాక పికప్ ట్రక్కుల వెనక తొట్టికి వేసే గరుకు లైనర్ పూత వేస్తే గీతలు పడవు, కాళ్లు తగిలినా చెక్కు చెదరదు. ఎపాక్సీ కలిపేటప్పుడు చేతికి గ్లవ్స్, గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

స్పీకర్‌ని చెక్క స్క్రూలతో బిగించకండి. ఒకటి రెండుసార్లు విప్పి బిగించేసరికి రంధ్రం వదులవుతుంది, గతుకుల దారి మిగతా పని చేస్తుంది. పలక వెనక నుంచి టీ-నట్లు (చెక్కలోకి పళ్లతో దిగే నట్లు) కొట్టి, ముందు నుంచి 5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులు వేయండి. టీ-నట్టు కూర్చునే చోట కొంచెం ఎపాక్సీ పూస్తే తిరగదు. బోల్టు మరకు ఊడకుండా పట్టే ద్రవం ఒక చుక్క, నీలం రంగుది. ఎర్రటిది వద్దు, మళ్లీ విప్పలేరు. స్పీకర్ అంచు కింద మూసిన గాలిబుడగల ఫోమ్ టేపు వేయండి. బోల్టులను చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ముందు ఇనుప జాలీ తప్పకుండా ఉండాలి. ఎగిరే జాకీ రాడ్డుకు కోన్ ఒక లెక్క కాదు. కోన్ పూర్తిగా ముందుకు వచ్చినా జాలీకి తగలకుండా దాని అంచు నుంచి కనీసం రెండు సెంటీమీటర్లు వదలండి.

స్పీకర్‌ని ఆకాశం వైపు పెట్టకండి, కోన్ గిన్నెలా దుమ్మునూ వాననూ పడుతుంది. కిందికి చూసేలా పెడితే కోన్ జారిపోతుందని భయపెట్టేవాళ్లు ఉన్నారు. మీ స్పీకర్‌కి 34 హెర్ట్జ్ లెక్కన ఆ జారుడు 0.2 మిల్లీమీటరు, పట్టించుకోనక్కరలేదు. కానీ నేలకు దగ్గరగా ఉంటే నీళ్లు ముందు కోన్‌కే తగులుతాయి. అందుకే వెనక్కి చూసేలా నిలువు పలక మీద ఉండడమే నా ఎంపిక. కోన్ పాలీప్రొపిలీన్, చుట్టూ రబ్బరు అంచు ఉన్న స్పీకర్ అయితే నిశ్చింత. కాగితం కోన్, ఫోమ్ అంచు ఉంటే తేమకు, ఎండకు ఎక్కువ కాలం నిలవదు.

లోపల పీచు దూది నింపితే బాక్సు కొంచెం పెద్దదైనట్టు పనిచేస్తుందన్నది నిజమే. కానీ మన బండి కుదుపుకు అది జారి మాగ్నెట్ రంధ్రం మీదికి వచ్చి కూర్చుంటుంది. వేయాలనుకుంటే పల్చటి పరుపులా గోడలకు స్టేపుల్ చేసి, మీద వల కట్టండి. మీ లెక్క 25 లీటర్లకు సరిపోయింది కాబట్టి మీకు అసలు అవసరం లేదు.

బండికి బిగించడం గురించి నేను ఎంత చెప్పినా ఎక్కువ కాదు. చెక్క ఎనిమిది తొమ్మిది కిలోలు, స్పీకర్ అయిదారు, జాలీ, బోల్టులు కలిపి 15 కిలోలు అనుకుందాం. గట్టి ఢీలో బండి ఆగే వేగానికి ప్రతి వస్తువూ తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు తోసుకొస్తుంది, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. అంటే 300 కిలోల బలం, మీ వెనక సీట్లో కూర్చున్న పిల్లల వీపు మీదికి. ఇలాంటి బండి పల్టీ కొట్టే అవకాశం కూడా ఉంది. సాగే పట్టీ, వెల్‌క్రో, నాలుగు చెక్క స్క్రూలు ఆ బలం ముందు నిలవవు.

బాక్సు అడుగున అదే 18 మిల్లీమీటర్ల ప్లైతో ఇంకో పలక వేయండి, అది బాక్సు కన్నా నాలుగు వైపులా అయిదు సెంటీమీటర్లు బయటికి ఉండాలి. దాన్ని బాక్సుకు జిగురుతో, స్క్రూలతో గట్టిగా కలపండి. బండి నేలకు బిగించే బోల్టులు ఆ బయటికి వచ్చిన అంచులోంచి పోతాయి. అప్పుడు బాక్సు గాలిలోకి ఒక్క రంధ్రం కూడా పడదు. నాలుగు బోల్టులు, 8 మిల్లీమీటర్లవి, 8.8 గ్రేడు. రేకు కింద ప్రతి బోల్టుకీ అయిదు సెంటీమీటర్ల చదరపు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప ప్లేటు, నైలాన్ లాక్ నట్టు. బోల్టు తెగదు, పలచటి రేకే చిరుగుతుంది. చిన్న వాషరు అయితే రేకును చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. పై భాగం ముందుకు తూలకుండా బాక్సు పైనుంచి ఒక ఇనుప పట్టీ వేసి బాడీకి బిగిస్తే ఇంకా మంచిది.

రంధ్రం వేసే ముందు బండి కిందికి దూరి చూడండి. ఇంధన ట్యాంకు, ఇంధన పైపు, బ్రేకు పైపు, వైర్ల కట్ట ఎక్కడున్నాయో చూసుకున్నాకే డ్రిల్లు పట్టుకోండి. సీటు బెల్టు బోల్టులను వాడుకోవద్దు, అవి మనుషుల కోసం. రంధ్రం అంచుకు తుప్పు పట్టని ప్రైమర్ పూయండి. పలకకూ నేలకూ మధ్య మూడు మిల్లీమీటర్ల రబ్బరు షీటు వేస్తే గలగల ఉండదు, కింద నీళ్లు నిలవకుండా అక్కడక్కడా సందు వదలండి.

కరెంటు పని త్వరగా చెప్పేస్తాను. 300 వాట్ల క్లాస్ డి యాంప్లిఫయర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే 13.8 వోల్టుల దగ్గర 27 యాంపియర్లు లాగుతుంది. పూర్తి రాగితో ఉన్న 8 గేజ్ తీగ తక్కువ దూరానికి సరిపోతుంది. బ్యాటరీ నుంచి వెనకదాకా అంటే నేను ఇంకా లావుదైన 4 గేజే వేస్తాను. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ వద్దు, కుదుపుకు పుటుక్కున విరుగుతుంది, తేమకు తెల్లటి బూజు పడుతుంది. 40 యాంపియర్ల ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఆ ఫ్యూజు యాంప్లిఫయర్ కోసం కాదు. ఎక్కడైనా తీగ ఒరిసి రేకుకు తగిలితే బండి తగలబడకుండా కాపాడేది అదే. రేకులోంచి తీగ వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ వేయండి. యాంప్లిఫయర్‌ని బాక్సు మీద బిగించకండి, ఆ వణుకుడుకి లోపలి అతుకులు విడతాయి. సీటు కిందా వద్దు, నీళ్లు చేరేది అక్కడికే. మీరు దాటే లోతైన వాగు గీత కన్నా పైన, పక్క గోడకు బిగించండి. టెర్మినళ్లకు క్రింపు వేసి పైన జిగురున్న హీట్ ష్రింక్ చుట్టండి. సోల్డర్ పెడితే తీగ గట్టిపడిన చోటు అంచున విరుగుతుంది. బాక్సులోకి వైరు పంపడానికి ప్లాస్టిక్ టెర్మినల్ కప్పు బదులు కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే మూత) వాడండి, గాలీ నీళ్లూ రెండూ ఆగుతాయి.

అంతా బిగించాక కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి కాసేపు పట్టి వదలండి. నెమ్మదిగా, ఒక సెకను తీసుకుని స్వస్థానానికి వస్తే బాక్సు గట్టిగా ఉన్నట్టు. టక్కున వస్తే ఎక్కడో కారుతోంది. అప్పుడు 30 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, తడి చెయ్యి అతుకుల వెంట తిప్పితే గాలి ఉఫ్‌మని తగిలే చోటు దొరుకుతుంది.

తర్వాత యాంప్లిఫయర్ గెయిన్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో సరిచేసే నాబ్. స్పీకర్ తీగ విప్పేసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, మీరు వాడే గరిష్ఠ వాల్యూమ్‌లో యాంప్లిఫయర్ ఔట్‌పుట్‌ను మల్టీమీటర్ ఏసీ మీద చూడండి. 300ని 4తో గుణించి వర్గమూలం తీస్తే 34.6 వోల్టులు. అక్కడికి రాగానే గెయిన్ ఆపేయండి. లో పాస్ (కింది ఫ్రీక్వెన్సీలనే పంపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర, ముందు స్పీకర్లకు హై పాస్ (పై ఫ్రీక్వెన్సీలనే పంపేది) కూడా అక్కడే పెట్టండి. టాప్ వేసినప్పుడూ తీసినప్పుడూ బాస్ చాలా మారుతుంది కాబట్టి చేతికి అందేలా ఒక రిమోట్ నాబ్ పెట్టుకోండి. రాళ్ల మీద ఎక్కేటప్పుడు దాన్ని సున్నాకు తిప్పేయండి. టైరు జారే చప్పుడు, కింద రాయి గీసిన చప్పుడు, బయట నిలబడి దారి చూపించేవాళ్ల మాట మీకు వినపడాలి.

కొండలెక్కేవాళ్లకు ఒక చిన్న సంగతి. 3,000 మీటర్ల ఎత్తులో బయటి గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో 70 శాతమే. చాలా స్పీకర్లలో అంచుల నుంచి గాలి మెల్లగా కారి రెండు వైపులా సమానమవుతుంది. మీరు ఎపాక్సీ, రబ్బరుతో మరీ బిగుతుగా కట్టి ఉంటే కోన్ బయటికి తోసుకుని ఉండిపోవచ్చు. అలా కనిపిస్తే గ్లాండ్ ఒక క్షణం వదులు చేసి గాలి వదిలి మళ్లీ బిగించండి. కోన్ అలా తోసుకుని ఉండగా పాట పెట్టకండి.

మొదటి గతుకుల ప్రయాణం నుంచి రాగానే స్పీకర్ బోల్టులు, నేల బోల్టులు అన్నీ ఒకసారి రెంచీతో చూడండి. కొత్త ప్లై కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి పావు చుట్టు వరకు బిగుతు పడతాయి. నెల తర్వాత ఇంకోసారి చూడండి. ఆ తర్వాత వాగు దాటిన ప్రతిసారీ బాక్సు కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసి తుడిచేస్తే చాలు. అట్టపెట్టె చేసి బండిలో పెట్టాక కొలతలు మారితే ఆ కొత్త కొలతలు రాయండి, లీటర్ల లెక్క మళ్లీ వేసి చెబుతాను.